నీళ్ళు తాకని ఉతుకు

ఈ ఊరి నడివీధే రెండు రాష్ట్రాల సరిహద్దు.
తూర్పు వైపు బేక్ ఒక్-హీ గారి డ్రై క్లీనింగ్ షాపు,
పడమర వైపు లూథరన్ చర్చి, పదకొండు ఇళ్ళు,
మూతపడ్డ బౌలింగ్ హాలు.
తూర్పున సిగరెట్లు చవక, పడమట పెట్రోలు.
మిగతావన్నీ ఒకటే, చలితో సహా.

నేను పడమటి రాష్ట్రపు జీతగాణ్ణి.
బోరు వేసి, మట్టిని గొట్టంతో పైకి లాగి,
బల్ల మీద పొడుగ్గా పడుకోబెట్టి చదువుతాను.
పైన నల్లమట్టి, కింద ఇసుక, ఆ కింద బూడిదరంగు బంక.
బంక దగ్గర ముందు ముక్కు చెప్పింది, తర్వాత మీటరు:
ఇంటికి తెచ్చిన కోటు మీద కవరు తీసినప్పటి
తియ్యటి వాసన.

దాని పేరు పెర్క్.
నీటికన్నా బరువు. నీటిలో సరిగా కలవదు, నీటిని వదలనూ వదలదు.
అరవై రెండులో షాపు తెరిచిన లిండ్‌క్విస్ట్
మిషను అడుగున మిగిలిన మడ్డిని
బకెట్‌తో వెనక గుమ్మం అవతల పారబోసేవాడట.
అప్పట్లో అందరూ అంతే. ఆరిపోతుందనుకున్నారు.
ఆరలేదు.
నీళ్ళు పడని పట్టు చొక్కాల కోసం
నీళ్ళు ముట్టకుండా ఉతికిన ఉతుకు
మెల్లగా దిగి దిగి
చివరికి నీళ్ళనే ముట్టుకుంది.

రోడ్డు దాటేటప్పుడు అది గీత చూసుకోలేదు.

నాలుగో ఇంట్లో, హెస్టర్ ఓడెగార్డ్ బేస్‌మెంట్‌లో
మనవడు డ్రమ్స్ నేర్చుకుంటాడు.
గాలి పట్టే డబ్బా ఒక రోజంతా అక్కడ పెట్టాను.
"వాసనేం లేదే," అందావిడ.
లేదు.
ముక్కుకి అందనంత తక్కువ,
ఊపిరితిత్తులు ఓర్చుకోలేనంత ఎక్కువ.

ఇక ఉత్తరాలు.
తూర్పు వాళ్ళకి ఫండ్ ఉంది,
ఉతికిన ప్రతి చొక్కా మీదా సెంటో రెండో తీసి దాచింది.
ఆ డబ్బు రోడ్డు దాటకూడదని చట్టం.
మాకు చట్టం ఉంది, డబ్బు లేదు.
ఫెడరల్ వాళ్ళకి రెండూ ఉన్నాయి కానీ
వాళ్ళ జాబితాకి మా మరక ఆనలేదు.
ఒక్-హీ గారికి ఒకే వారంలో మూడు నోటీసులు.
మూడింటినీ చొక్కాల్లా మడతపెట్టి కౌంటరు మీద ఉంచింది.
"నేను కొన్నది తొంభై ఒకటిలో.
పాత మరకని రుద్దకూడదు.
రుద్దితే పాకుతుంది."

మేం రెండేళ్ళు రుద్దాం.

మూడో ఏడు మార్చిలో, ఫైర్ స్టేషన్‌లో, మడత కుర్చీల మధ్య
తూర్పు నుంచి వచ్చిన విల్మా ట్రస్కాట్
మ్యాప్ మీద స్కేలు ఏటవాలుగా పెట్టింది.
"బోరు నిటారుగానే వెయ్యాలని ఎవరన్నారు?
మా పేవ్‌మెంట్ మీద మొదలుపెట్టి, వాలుగా
మీ ఇళ్ళ కిందికి తీసుకెళ్దాం.
గొట్టం నోరు ఏ రాష్ట్రంలో ఉంటే
బిల్లు ఆ రాష్ట్రానిది."
ఫారంలో 'రాష్ట్రం' అన్న చోట ఒకటే గడి.
పెన్నుతో పక్కన ఇంకోటి గీసింది,
కొంచెం వంకరగా.
సంతకం పెట్టాను.
ఫోన్‌లో ఉన్న ఫెడరల్ ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అన్నాడు:
"ఫోన్‌లో నాకేం కనపడదు కదా."
వారానికి ఆయన పంపిన లారీ వచ్చింది, నిండా బొగ్గు.

ఇప్పుడు బొగ్గులో నీటిని ఉతుకుతున్నాం.
ఒక్-హీ గారు నీటి మిషను కొన్నారు, బోర్డు మాత్రం మార్చలేదు.
హెస్టర్ ఇంటి గోడ వెంట తెల్ల గొట్టం, పైన ఫ్యాన్.
దాని హోరుకి మనవడు దరువు కుదుర్చుకున్నాడట.
లెక్క ప్రకారం ఇరవై ఎనిమిదేళ్ళ పని.
నాకు ఆరేళ్ళ సర్వీసుంది.

నిన్న కొలిచాను. నలభై ఒకటి.
పోయిన నెల నలభై మూడు.
రోడ్డు మధ్య నిలబడి విల్మాకి ఫోన్ చేశాను.
"మళ్ళీ చెప్పు," అంది.
చెప్పాను.