పచ్చి జామకాయంత

ఎస్తేరు సిస్టర్ పాఠాలన్నీ క్యాంటీన్‌లోనే.
ఉస్మానియా బిస్కెట్ పైకెత్తి
"ఇదీ ఐదు సెంటీమీటర్లు. ఇంకా సగం దారి" అనేది.
ఇరానీ చాయ్ సాసరు బోర్లించి
"అంచు వదిలెయ్. ఇదీ పది. ఇప్పుడు ముక్కమను."
పక్క బల్ల దగ్గరి ఆటో అన్న
చాయ్‌లో ముంచబోయిన బిస్కెట్‌ని
ఒకసారి చూసి పక్కన పెట్టేవాడు.

"కాన్పయ్యాక గర్భసంచి
క్రికెట్ బంతిలా ఉండాలని పుస్తకంలో రాశారు.
నేను క్రికెట్ ఆడలేదు, నువ్వూ ఆడలేదు.
పచ్చి జామకాయ తెలుసు కదా, అంత గట్టిగా.
పండిందో, పరుగెత్తు."

ఆరో నంబర్ బెడ్. తలాబ్‌కట్ట నౌషీన్. రెండో కాన్పు.
బయట వాన, లోపల ఒకటే ఫ్యాన్.
రాత్రి రెండూ పదికి ఆడపిల్ల.
బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా
ఎవరూ కత్తెర ముట్టలేదు.
ఆ కాసేపు గదిలో అందరం
ఒకే తాడు పట్టుకుని నిలబడ్డట్టుంది.

తుడిచి, తడిగుడ్డ తీసేసి
తల్లి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టాను.
చీమ నడకంత నడక నడిచి
పిల్ల తనంతట తానే వెతుక్కుంది.

అప్పుడొచ్చింది అత్తగారు, చిన్న సీసాతో.
"ఒక్క చుక్క శహద్ బేటా, నోరు తీపి చేస్తా."
ఆమె వేలు ఎందరు పసివాళ్ల నాలుకలు చూసిందో.
నా వయసు పంతొమ్మిది, నా ఉర్దూ ఒక్క ముక్క:
"నక్కో, అమ్మీజాన్."
ఆమె ముఖం వాడిపోయింది.
ఏం చెయ్యాలో తోచక, ఆమె చేతికి పిల్ల పాదాలిచ్చాను.
"చల్లబడితే నాకు చెప్పండి. అది మీ డ్యూటీ."
సీసా మూత బిగించి
పావురాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది.

పదిహేను నిమిషాలకోసారి పొట్ట మీద చెయ్యి.
మొదటిసారి, పచ్చి జామకాయ.
రెండోసారి, పచ్చి జామకాయ.
మూడోసారి
నిద్ర కళ్ల మీదికి వచ్చింది.
చెయ్యి పెట్టకముందే
పెన్ను కాగితం మీదికి వెళ్లిపోయింది.

తర్వాత పెట్టాను.
అరచేతి కింద ఏమీ లేదు.
మాగిన పండు. తడిసిన పిండి.
దుప్పటి ఎత్తితే, ప్యాడ్ దాటి, షీట్ దాటి.
రక్తం పోవడం చప్పుడు చెయ్యదు.
నౌషీన్ అరవలేదు, పిల్లనే చూస్తోంది,
పెదాలు మాత్రం సున్నం కొట్టిన గోడలా.

"సిస్టర్!" అన్నది నా గొంతేనా?
రుద్దాను, గుండ్రంగా, ఆపకుండా.
ఎస్తేరు సిస్టర్ ఒక చేత్తో ఇంజెక్షన్,
ఇంకో చేత్తో బొడ్డు కింద ఉబ్బు చూపించి
"మూత్రసంచి నిండింది, దాన్ని ఎవరు చూస్తారు?" అని
ట్యూబు వేసి ఖాళీ చేసింది.
డాక్టరమ్మ చెప్పులు కారిడార్‌లో టపటపా.
నా మణికట్టు నాది కాదు.
ఎంతసేపో తెలియదు.
వేళ్ల కింద ఏదో ముడుచుకుంది,
వదులైంది, మళ్లీ ముడుచుకుంది,
నిలిచింది.

"పచ్చిదేనా?" అంది సిస్టర్.
"పచ్చిదే."

అప్పుడు వినిపించింది మూల నుంచి.
ఇంత హడావుడిలోనూ వదలని చేతులు,
"గరమ్ హై బేటా, పాంవ్ గరమ్ హై."

చార్టులో మూడో గడిలో
ముందే సగం గీసిన నా టిక్కు ఉంది.
దాన్ని చెరపలేదు.
కొట్టేసి, పక్కన టైము వేసి, సంతకం పెట్టాను.