సాధారణ సంవత్సరం

ఎర్రమంజిల్, మూడో అంతస్తు.
ఏసీ పనిచేయదు, కిటికీ తెరిస్తే మెట్రో చప్పుడు.
ఒకప్పుడు ఈ గది ఒక్కటే.
రాష్ట్రం విడిపోయాక మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది.
తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు, గోడ తీసేశారు.
నేల మీద మేకుల గుంతలు మాత్రం వరసగా,
కుట్లు విప్పిన చోటులా.

నా పని మినిట్స్ రాయడం.
ఎవరేమన్నారో రాయాలి,
ఎలా అన్నారో రాయకూడదు.

ఆరో అంశం:
'సాధారణ సంవత్సరం' అనే మాటకు అర్థం.
ఒప్పందం నిండా ఆ మాటే.
సాధారణ సంవత్సరంలో మీకింత, మాకింత,
మిగిలితే దానికో పేరు, తగ్గితే దానికో తగువు.
ఆ లెక్క కట్టినవాళ్ళు
డెబ్బై ఎనిమిదేళ్ళ ప్రవాహాన్ని
చేటలో పోసి చెరిగారట.
నికర జలాలంటే
వందలో డెబ్బై అయిదేళ్ళు మాట తప్పని నీళ్ళు.
ఉద్యోగంలో చేరిన కొత్తలో అనుకునేదాన్ని,
మా ఆయనకన్నా నయమని.

కొమురెల్లి సారు రిజిస్టరు మీద వేలితో కొడుతున్నాడు:
"మిరుగం పొయ్యె, ఆరుద్ర పొయ్యె,
పునర్వసు గూడ పొయ్యె.
డ్యాంల పర్రెలు వాసినంక
అక్టోబర్ల మూడు దినాలకే ఏడాది వాన గుమ్మరిచ్చె.
గిండ్ల సాధారణం ఏదన్నా?"

అవతలి కుర్చీలో మాల్యాద్రి గారు, కనిగిరి మనిషి,
ఫైలు మూసి, కళ్ళద్దాలు తీసి,
"నన్నడిగితే నేనేం చెప్పేదబ్బా,
దాన్ని చివరిసారి ఎప్పుడు చూశానో నాకే గుర్తులేదు."

పదకొండేళ్ళలో
రెండు రాష్ట్రాలు ఒప్పుకున్న మాట అదొక్కటే.
రాయబోతే ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తారు:
"అది రాయకండమ్మా."

యూసుఫ్ చాయ్ తెచ్చాడు. వన్ బై టూ.
అతని దగ్గర కొలపాత్ర లేదు.
ఖాళీ కప్పు పక్కన పెట్టి
కన్నార్పకుండా వంచుతాడు.
నిండుగా ఉంటే నిండులో సగం,
తక్కువుంటే తక్కువలో సగం.
తక్కువ తాగేవాడికి ఎదుటివాడి కప్పు కనబడుతూనే ఉంటుంది.
ఈ మాట ఏ అంశం కింద రాయాలో నాకు తెలీదు.
స్టెనోలు సవరణలు ప్రతిపాదించరు.
మా చంపాపేట నల్లాలో
రోజు విడిచి రోజు వచ్చే కృష్ణ
ఇవాళ రాని రోజు.

ఆరో అంశం వాయిదా.

నాలుగింటికి ఆకాశం కిందికి దిగింది.
అరగంటలో పంజగుట్ట దారంతా నీళ్ళు,
ఒక ఆటో తన ఇష్టం లేకుండా కదులుతోంది.
నీళ్ళు చాలవని మూడు గంటలు వాదించుకున్నవాళ్ళు
ప్యాంట్లు మడిచి, చెప్పులు చేత పట్టుకుని
మెట్ల మీద నిలబడ్డారు. నేనూ వాళ్ళ వెనక.

మాల్యాద్రి గారు ఆ నీళ్ళనే చూస్తూ,
"ఇది పోయి మూసీలో పడద్ది.
మూసీ పోయి వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తది.
ఎవరి ఖాతాలో రాద్దాం కొమురెల్లీ?"

"ఫస్టు ఇంటికి పోనియ్యన్నా."

ఇద్దరూ నవ్వారు.
వెనక్కి తిరిగి నన్ను చూశారు.
ఈసారి ఎవరూ
రాయొద్దనలేదు.