శుభలేఖ గ్యాస్కెట్

కాలవలు కట్టేసి పదకొండో రోజు.
లాకుల కింద బురద పెంకులై పగిలింది.
పాక తలుపు తీసి
ఇంజను మీది గోనెపట్టా లాగాను.
బల్లి ఒకటి ట్యాంకు మీంచి
నేనేదో అద్దె ఎగ్గొట్టినట్టు చూసి వెళ్ళింది.

మా ఉప్పలగుప్తం పల్లపు చేలల్లో
దీని పని నీళ్ళు పెట్టడం కాదు, తోడెయ్యడం.
పాలుపోసుకునే సార్వా స్వాతి వానకి మునిగితే
మురుగుకాలవ గట్టు మీద
రాత్రంతా దగ్గుతుంది,
మూడు హార్సుపవరు, ఒక్క సిలిండరు.
పక్కన గొడుగు పట్టుకుని నేను.
గొడుగు నాక్కాదు, దానికి.

ముందు నూనె.
పన్నెండో లాగుకి అంటుకుంది, నిమిషం తిరిగింది.
ఆ వెచ్చదనం చాలు. అడుగు బోల్టు విప్పితే
తాటిబెల్లం పాకంలా దిగింది.
వేళ్ళ మధ్య రుద్ది చూశాను, మెరుపు లేదు.
ఇనుము అరగలేదన్నమాట.
ఇది నేర్పింది గెడ్డం రత్నరాజు,
గోళ్ళు తెల్లగా ఉన్న మెకానిక్కుని
నమ్మొద్దని కూడా.

ఫిల్టరు స్పాంజి సబ్బునీళ్ళలో వేసి
పిండాలి, మెలిపెట్టకూడదు.
దోమ రెక్కలు, ఒక గడ్డిపోగు,
పోయిన స్వాతి వాసన.

ప్లగ్గు మొహం నల్లగా ఉంది,
చోకు మర్చిపోయానని నామీద చాడీ.
గీకి, సందు చూశాను.
విరిగిన హాక్సాబ్లేడు ముక్క
దూరీ దూరనట్టుండాలి.

కార్బొరేటరు గిన్నెలో జిగురు.
కార్తీకంలోనే ట్యాంకు వంచెయ్యాల్సింది.
జెట్టు కన్నంలోకి సూది వద్దు,
రాగితీగలో ఒక్క పోగు.

గ్యాస్కెట్టు చిరిగింది.
అమలాపురం వెళ్తే నలభై రూపాయలు, అరపూట.
అటక మీంచి డబ్బా దింపాను.

అందులో నూట అరవై శుభలేఖలుండేవి,
మందపాటి అట్ట, పసుపు అంచు.
ఇప్పుడు నూట నలభై రెండు.
అచ్చయి వచ్చిన సాయంత్రమే
మురుగు ఎగదన్నింది.
చేలూ వీధీ ఒకటే నీరు.
ముహూర్తం ఫాల్గుణానికి జరిపాం.
ఈలోగా ముత్యవేణి కబురంపింది:
ఆ ఊళ్ళో నీళ్ళు దిగవు, నేను రాను.
అబద్ధమేం కాదు.
ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు
చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది.

పందిరి డబ్బులతో ఇంజను కొన్నాను.

పాత ముక్క అట్ట మీద పెట్టి పెన్సిల్తో గీసి
మెల్లగా కత్తిరించాను.
బోల్టు కన్నం ఈసారి సరిగ్గా
చి.ల.సౌ. మీద పడింది.
పోయినేడు నా పేరులో సగం పోయింది.
కాస్త నూనె రాసి, ఎదురెదురు బోల్టులు
కొంచెం ఇటు, కొంచెం అటు బిగించాను.

"ఇంకా ఎన్నేళ్ళకొస్తాయండి ఇవి?" అన్నాడు రత్నరాజు.
ఏడాదికి రెండు. "ఆయ్, డెబ్భయ్యొక్కేళ్ళు."
"అన్నాళ్ళు ఇంజనుండదండి."
నా సంగతి ఎత్తలేదు, మంచివాడు.

ట్యాంకు ఖాళీ చేసి
ప్లగ్గు కన్నంలో చెంచాడు నూనె పోసి
ప్లగ్గు బిగించి, తాడు మెల్లగా లాగాలి.
ఒకచోట చేతికి బరువు తగులుతుంది.
అక్కడ ఆపెయ్యాలి.
లోపలి వాల్వులు రెండూ మూసుకునేది అక్కడే,
తేమ గాలి దూరదు.
ఇంకాస్త లాగితే మళ్ళీ తెరుచుకుంటాయి.

లాగలేదు.
గోనెపట్టా కప్పి వెనక్కి తిరిగేసరికి
బల్లి వచ్చేసింది.