నూట పదిహేడో పేజీ

తుపాను పోయిన మూడో రోజు
కోటవీధి రీడింగ్ రూముకి తాళం తియ్యక్కర్లేకపోయింది,
తలుపే లేదు.
బీరువా మెట్ల మీద బోర్లా పడుంది.
పుస్తకాలు నానిన అటుకుల్లా ఉబ్బి
ఒకదాన్నొకటి వదలడం లేదు.
కిటికీలోంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్
ఒక్క ఆకు లేకుండా, కాల్చిన వంకాయలా.

లంగరు తెగిన ఓడ నుంచి దించిన పదకొండు మందిని
పోర్టువాళ్ళు నాకు అప్పజెప్పారు.
"కప్పున్న గది మీదొక్కటేనమ్మా, రెండ్రోజులు సర్దండి."
ఆ రెండ్రోజులు తొమ్మిదయ్యాయి.

పదిమంది పడి నిద్రపోయారు.
పదకొండోవాడు, ఓడలో వంటవాడు, తెట్ నయింగ్,
బర్మా మనిషి,
నేల మీద కూర్చుని ఒక నవలని విప్పుతున్నాడు
పాల మీద మీగడ తీసినట్టు
ఒక్కొక్క కాగితం.

అట్ట పోయింది దానికి. పేరూ, రాసినవాళ్ళూ అట్టతోనే పోయారు.
ఇరవై రెండేళ్ళు నా బీరువాలో ఉంది, నేను చదవలేదు.
(లైబ్రరీవాళ్ళు చదువుతారని ఎవరన్నారు?)

తెలుగు రాదతనికి. అంకెలు వచ్చు.
నలభై ఒకటి పక్కన నలభై మూడు.
పైడమ్మ జాలారిపేట నుంచి వల తెచ్చింది,
పడవ పోగా మిగిలిన వల.
"ఇంకేటి సేస్తానమ్మా దీంతోటి, కాయితాలే పట్టుకో."
గదికి అడ్డంగా కట్టాం. క్లిప్పులు చాలక తుమ్మముళ్ళు గుచ్చాం.

కరెంటు లేదు. పాల ప్యాకెట్ యాభై రూపాయలు.
మదార్ సాహెబ్ బొగ్గుల ఇస్త్రీపెట్టె మోసుకొచ్చాడు,
చొక్కాలు ఎవరిస్తారిప్పుడు అని.
పేజీ మీద పాత లుంగీ పరిచి
చంటిపిల్ల వీపు నిమిరినట్టు నడిపాడు.
తడి అక్షరాల్లోంచి ఉడికిన అన్నం వాసన.

రాత్రి లాంతరు దగ్గర పైకి చదివేదాన్ని.
పైడమ్మ కోసం అనుకున్నాను.
ఓడవాళ్ళూ లేచి కూర్చునేవారు,
ఆమె ముక్కు చీదితే వాళ్ళూ తల దించుకునేవారు.

కథలో ఊరికి కలరా.
ఒకామె నీళ్ళు మోస్తుంది,
పై దేశం నుంచి వచ్చి చిక్కుబడిపోయినతను
చనిపోయినవాళ్ళ పేర్లు రాస్తుంటాడు.
ఒకరి భాష ఒకరికి రాదు.
నూట పదహారులో ఆమెకి జ్వరం,
అతను గుమ్మం దాకా వచ్చి

అంతే. తర్వాతి కాగితం లేదు.
నూట పందొమ్మిదిలో ఇద్దరూ లేరు,
వాన వెలిసింది, ఇంకెవరో వంతెన కడుతున్నారు.

తెట్ నయింగ్ రెండు చూపుడువేళ్ళూ పక్కపక్కన పెట్టి
కనుబొమ్మలు ఎగరేశాడు.
నాకేం తెలుసు?
బీరువా కింద, మురిక్కాలవలో,
సాహెబ్ లుంగీ మడతల్లో కూడా వెతికాం.
అతను మాత్రం గిన్నెలో మా అందరికీ
పాలు లేని టీ కాచి,
ఒక గ్లాసు ఎక్కువే పోశాడు.

పదో పొద్దున బస్సొచ్చింది.
చేతులూపడం కూడా సరిగ్గా కుదరలేదు,
డ్రైవరు తొందర.

బైండింగుకి సర్దుతుంటే
నూట పదహారు వెనక
లాగ్‌బుక్కులోంచి చింపిన గీతల కాగితం,
రెండువైపులా నిండా గుండ్రటి అక్షరాలు,
మన అక్షరాలకి పెదనాన్న బిడ్డల్లాంటివి,
దూరం నుంచి చదవొచ్చనిపిస్తాయి,
దగ్గరికెళితే ఒక్కటీ పలకదు.
పైమూల 117. తిప్పితే 118.

కంచరపాలెం బర్మా క్యాంపుకి తీసుకెళ్ళాను.
పొట్నూరు సూరయ్య రంగూన్‌లో రెండో తరగతి చదివి
నడిచి వచ్చేసినాయన.
కాగితం ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూశాడు.
"డెబ్బై ఏళ్ళ మాట తల్లీ, పోయాయి.
ఇదిగో, ఇదొక్కటి తెలుస్తోంది, లఫెయె.
టీ."

పైడమ్మకి చెప్పాను.
"అయితే జొరం తగ్గినట్టే" అంది,
చేపల బుట్ట నెత్తికెత్తుకుంటూ.

ఆ నవల ఇప్పటికీ ఇళ్ళకి వెళ్ళివస్తోంది.
పేజీ తప్పు పడిందని ఎవరూ అనలేదు.
ఎవరో మాత్రం నూట పద్దెనిమిదిలో
నచ్చిన వాక్యానికి గీసినట్టు
పెన్సిల్‌తో ఒక గీత గీసి ఇచ్చారు.