సోడా డబ్బా దూరే సందు

ఫిబ్రవరి. లూనెన్‌బర్గ్‌లో చర్చి నేలమాళిగ.
బూట్ల మంచు కరిగి, రోడ్డు ఉప్పు తెల్లటి చారికలై
గచ్చంతా ఎవరో ముగ్గేసి చెరిపేసినట్టుంది.
ఏడాదికి ఒక్క శనివారం, పిల్లల పాత సామాను అమ్మకం.
ధరల చీటీలు మిగతావాళ్ళు రాస్తారు.
వద్దనడం నా పని.

నా పనిముట్లు మూడే:
టార్చిలైటు, బట్టలు కొలిచే టేపు,
తాగేసిన సోడా డబ్బా.
ఊచల మంచం తెస్తే ఊచల మధ్య డబ్బా దూర్చి చూస్తాను.
దూరిందా, ఆ మంచం ఇవాళే కాదు, ఎప్పటికీ వద్దు.
ఒళ్ళు ముందు జారుతుంది. తల ఆగిపోతుంది.
ఇంతకంటే వివరంగా ఎవరికీ చెప్పను.

ఎలుగుబంటి బొమ్మ కన్ను లాగితే చేతిలోకొచ్చింది.
రెండో కన్ను నన్నే చూసింది.
దాన్నీ పీకేసి, నల్లదారంతో రెండు గీతలు కుట్టాను.
ఇప్పుడు నిద్రపోతోంది. యాభై సెంట్లు.

గార్నెట్ వీనో చక్రాల నడకబండి తెచ్చాడు.
"మా నలుగురూ ఇందులోనే నడక నేర్చారు" అన్నాడు.
నేర్చారు, నిజమే. పెద్దోడికిప్పుడు రొయ్యల పడవ కూడా ఉంది.
బతికి బట్టకట్టినవాళ్ళే కదా కథలు చెప్పేది.
ఈ దేశంలో ఇది అమ్మితే నేరమన్నాను.
నవ్వి, అక్కడే వదిలేసి పోయాడు.
మెట్ల మీద, చూడండి.

తర్వాత కారు సీటు. నీలం రంగు, ఉతికిన వాసన.
"ఎక్కడా గుద్దుకోలేదు" అందావిడ, నేను అడక్కముందే.
గుడ్డ తొడుగు విప్పాను:
బిస్కెట్ పొడి, ఎండు ద్రాక్ష, విరిగిన క్రేయాను,
అడుగున ఓ మూల
పటికబెల్లం పలుకంత కారు కిటికీ అద్దం.
ఆవిడ అబద్ధమాడలేదేమో.
ఆవిడా ఎవరి దగ్గరో కొన్నదే.
ఆ ఎవరో, ఇంకెవరి దగ్గరో.
పట్టీలు కత్తిరించి పారేశాను,
చెత్తకుండీలోంచి ఇంకో చెయ్యి దాన్ని పైకి తియ్యకుండా.

మూడింటికి మారిసా వచ్చింది. చేపల ఫ్యాక్టరీలో పని, ఎనిమిదో నెల.
నేను పక్కన పెట్టిన ఊచల మంచం మీద చెయ్యేసి నిలబడింది.
"ఇరవై డాలర్లన్నారు."
"అమ్మటం లేదు."
"కొత్తది రెండొందల యాభై.
అయితే జాగ్రత్త కూడా ఉన్నోళ్ళ సరుకేనన్నమాట.
నా బిడ్డని అట్టపెట్టెలో పడుకోబెట్టనా?"
ఈ మంచం కంటే అట్టపెట్టే నయం.
ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.
డబ్బా చూపించాను. ఊచల మధ్య అవతలికి పోయి
టంగుమని నేల మీద పడింది.
తను వంగి తీయలేదు. నేను తీశాను.

ఎనభై ఏడులో నేనూ ఒకటి అమ్మాను.
మా వాడి మంచమే. పదిహేను డాలర్లకి.
ఒక బోల్టు పోతే చేపల గాలపు తాడుతో కట్టాను,
గట్టిగా, మా నాన్న నేర్పిన ముడి.
ఎర్ర ట్రక్కులో ఇద్దరు కుర్రవాళ్ళు పట్టుకుపోయారు.
పేరు అడగలేదు. ఎందుకడుగుతాం?
ఏమీ కాలేదేమో.
ముడి నిలిచిందేమో.
ఆ బిడ్డకిప్పుడు జుట్టు పలచబడుతూ ఉంటుంది.
పోస్టాఫీసు వరసలో ఆ వయసు మగవాడు, ఆడది, ఎవరు కనబడినా
మెడ వంక చూస్తాను. అలవాటైపోయింది.

సాయంత్రం హుండీ సీసాలో నూట పది డాలర్లు తేలాయి.
మిగతాది ఆటిలీ తన పర్సులోంచి వేసింది, ఎవరికీ చెప్పొద్దంటూ.
మారిసా తీసుకుంటుందో లేదో ఇంకా తెలీదు.
వెళ్తూ వెళ్తూ ఎలుగుబంటిని మాత్రం కొనుక్కుంది.
కుట్టిన కళ్ళని గోటితో గీకి మరీ చూసింది.

ఆ మంచాన్ని నేనే రంపంతో కోశాను.
ఊచలు గరాజులో కట్టకట్టి ఉన్నాయి.
జూన్‌లో చిక్కుడు పాదుకి పాతుతాను.
తీగలకేం, ఎంత సందులోనైనా దూరతాయి.