గీత దానంతటదే

నా పని గీతలు గీయడం.
మాదాపూర్‌లో ఏడో అంతస్తు. ఏసీ సరిగ్గా నా మెడ మీదే.
చేతిలో పట్టే గేమ్ మెషీన్లు
వచ్చే ఐదేళ్లలో ఎన్ని అమ్ముడుపోతాయో చెప్పాలి.
చెప్పాను. గీత కుడివైపుకి, పైకి.
మేనేజర్ తల పక్కకి వాల్చి చూసి
"ఇంకాస్త నిటారుగా" అన్నాడు,
గోడకి పటం తగిలించే కుర్రాడితో అన్నట్టు.

శనివారం పార్క్‌లేన్ వెళ్లాను.
లిఫ్ట్ పనిచేయదు.
మెట్ల పొడుగునా ప్రింటర్ల ఖాళీ అట్టపెట్టెలు.
మూడో అంతస్తు మూల, మంచమంత జాగాలో మునవ్వర్ దుకాణం.
బల్ల మీద తొమ్మిది మెషీన్లు
పొట్టలు విప్పుకొని పడుకున్నాయి.
ఒకదాని బటన్ కింద బిస్కెట్ పొడి,
ఇంకోదాని సందులో ఎవరో పిల్లాడు కొరికి ఊసిన గోరు.

"కొత్తవి నెలకి ఎన్ని పోతాయి భాయ్?"
"కొత్తయా? రెండు. దసరాకైతే నాలుగు.
చూడనీకి వచ్చేటోళ్లు మాత్రం నాలుగొందల మంది.
చేతుల పట్టుకుంటరు, బరువు చూస్తరు,
పక్కింటి పసిపిల్లని ఎత్తుకున్నట్టు.
ధర చెప్పంగనే మెల్లగ దించుతరు."

దించేసిన వాళ్లకి నా పట్టికలో గడి లేదు.

"ఇకముందు ఇంత మెషీనే అక్కర్లేదట కదా," అన్నాను
ఇరవై రెండో స్లైడ్ అప్పజెపుతూ.
"ఆట ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది,
మన చేతికి బొమ్మ ఒక్కటే వస్తుంది,
నెలకింత కడితే చాలు."
మునవ్వర్ స్క్రూడ్రైవర్‌తో చెవి వెనక గోక్కున్నాడు.
"మా మౌలాలిల రెండు చుక్కలు వాన పడ్డదంటే
కేబుల్ శ్రీహరి ఫోనెత్తడు.
ఈడ మనం బటన్ నొక్కి, ఆడ వాడు దుంకే లోపట
గుంతల పడి సచ్చిపోతడు.
ఆ అర సెకండు ఎవని జేబుల కెళ్లి కట్టాలె మేడమ్?"

అప్పుడొచ్చాడు బాలనర్సు,
పెళ్లిళ్లకి లైట్లు కడతాడు,
మోచేతుల దాకా టేపు జిగురు.
చొక్కా లోపల్నుంచి తీశాడు, పాత గుడ్డలో చుట్టింది,
మూడు చేతులు మారి వచ్చిన మెషీను.
"ముగ్గురం కలిసి కొన్నమక్కా.
మనిషికి రెండు దినాలు. ఐతారం చీటీ.
బరాత్ లేటైతే జనరేటర్ బండెక్కి ఆడుత.
ఆడ నెట్ యాడిది? అంతా దీని కడుపులనే ఉంటది.
గిప్పుడేమో చూడు,
నేను ముట్టకున్నా మనిషి ఎడమకే పోతుండు."

నిజమే. బొటనవేలు గాల్లో ఉంది.
తెర మీద ఒక చిన్న సిపాయి
ఎవరూ పొమ్మనకుండానే
గోడకేసి నడుస్తున్నాడు, నడుస్తున్నాడు,
గోడ వచ్చాక కూడా నడుస్తున్నాడు.

"డ్రిఫ్ట్," అన్నాడు మునవ్వర్, చేతికి బేరం తగిలినవాడి గొంతుతో.
"లోపట పట్టీ అరుగుతది, దుమ్ము చేరుతది.
ఏలు తీసినా పుల్లకి తెలువదు.
అన్నిటికీ అయితది. నా ఇంటి కిరాయి ఇదే."
స్పిరిట్‌లో ముంచిన దూది, ఒక చిన్న ఊదు.

సిపాయి ఆగాడు.
భుజాలు ఎగసి దిగాయి, ఊపిరి తీసుకుంటున్నాడు.
ఎవరైనా నడిపిస్తారేమోనని
ఒకసారి అటూ ఇటూ చూశాడు.

సోమవారం నా గీత తెరిచాను.
దాని మీద ఎవరి వేలూ లేదు.
కుడివైపుకి, పైకి,
గోడ వచ్చాక కూడా.
నా దగ్గర దూది లేదు.
అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట రాశాను:
ఒక మెషీను, ముగ్గురు మనుషులు, ఆదివారం చీటీ.

మధ్యాహ్నానికి మేనేజర్ తీసేశాడు.
"ఆధారం ఏదీ?" అని మాత్రం అడిగాడు, మర్యాదగానే.
నాకు గుర్తొచ్చింది వేరే:
ఆ వారం చీటీ ఎవరికి పడిందో
అడగనే లేదు.