మూడు గంటల గూడ్సు బండి

లిఫ్టులు బాగుచేసేవాణ్ణి నేను. ఇరవై రెండేళ్లుగా.
భద్రమంటే నాకు తెలిసింది ఒక్కటే:
తాడు తెగకపోవడం కాదు,
తెగిన క్షణాన పట్టాల్ని కరిచి పట్టుకునే పళ్ళు
లిఫ్టు అడుగున ఉండడం.
ఎక్కినవాళ్ళెవరూ వాటిని చూడరు.

షికాగో పొలిమేర దాటి, రైలుదారి వెంట,
ఆదివారానికో స్టేషను చొప్పున ఊళ్ళు చూశాం.
హలీనా చేతిలో మందుల కంపెనీవాళ్ళిచ్చిన డైరీ.
అద్దె, బడి, దొంగతనాలు, ఆస్పత్రికి ఎన్ని నిమిషాలు,
గళ్ళు గీసి నింపేది.
బ్రోన్యా మాత్రం ప్రతిచోటా ఒకటే అడిగేది:
"ఇక్కడ నేనొక్కదాన్నే తిరగొచ్చా?"

మొదటి ఊళ్ళో ఇటుకలు పరిచిన వీధి,
చెట్టు చెట్టుకీ దీపాల తీగ,
చీజు తప్ప ఇంకేమీ అమ్మని కొట్టు ఒకటి,
కుక్కల పుట్టినరోజుకి కేకులు చేసే కొట్టు ఒకటి.
బ్రోకరు కిటికీలో అంటించిన ధరలు చదివి
హలీనా డైరీ మూసేసింది.
పదకొండు డాలర్లు పెట్టి రెండు కాఫీలు కొన్నాను.
ఆ ఊరిని అంతమేరకే కొనగలిగాం.

రెండో ఊళ్ళో అద్దె అందింది.
దొంగతనాలు సున్నా అని పోలీసుల చిట్టా.
నిజమే, దోచుకుందామన్నా వీధిలో మనిషుంటేగా.
గ్యారేజీలు ఆవలించి కార్లను మింగి మూసుకునేవి.
ఊరి నడిబొడ్డు ఎక్కడండీ అంటే
గడ్డి కోస్తున్నాయన పార్కింగు స్థలం చూపించాడు.
మేం ముగ్గురం కాలినడకన పోతుంటే
ఒక కిటికీ తెర కదిలింది. ఇంకో తెర.
ఐదు నిమిషాల్లో పోలీసు కారు పక్కనే ఆగి
మర్యాదగానే అడిగింది, "దారి తప్పారా?"
లేదన్నాను.
తిరుగు రైల్లో అనిపించింది, తప్పామేమోనని.

మూడోదీ నాలుగోదీ సరిగా గుర్తులేవు.
ఒకచోట వాన. ఒకచోట నేనూ హలీనా పోట్లాడుకున్నాం,
చల్లారిన సూపు గురించి,
అంటే, డబ్బు గురించి.

ఐదోది మా జాబితాలోనే లేదు.
బ్రోన్యాకి అర్జెంటైతే దిగాం.
నవంబరు సాయంత్రం. సగం కొట్లకి చెక్కలు కొట్టేశారు.
సినిమాహాలు బోర్డు మీద అక్షరాలు రాలిపోయి
మిగిలినవి ఏ భాషా కాకుండా వేలాడుతున్నాయి.
తాళాల కొట్టు. మెక్సికో రొట్టెల కొట్టు,
రోడ్డు దాకా దాల్చినచెక్క వాసన.
ఎదురుగా లాండ్రీ, ట్యూబులైట్ల తెల్లటి వెలుగు.
లోపల గిరగిరా తిరిగే బట్టల ముందు
బ్రోన్యా ఈడు పిల్ల, ఒక్కతే,
కుర్చీలో కాళ్ళు ముడుచుకుని భిన్నాల లెక్కలు చేసుకుంటోంది.

రొట్టెల కొట్టామె చిల్లర లెక్కపెడుతూనే
అద్దంలోంచి అటు ఓ చూపు వేస్తోంది.
తాళాలాయన, నోట్లో స్క్రూతో, ఓ చూపు.
బస్సు కోసం నిలబడ్డ ముసలావిడ ఓ చూపు.
ఎవరూ ఎవరితోనూ అనుకున్నట్టు లేదు.
ఆ పిల్లకి సంగతే తెలీదు.

నేను హలీనా చేతిలోంచి డైరీ తీసుకుని
ఏ గడిలో రాయాలో తోచక తిరిగిచ్చేశాను.

అద్దె ఇంత తక్కువేమిటని అడిగితే
ఇంటాయన ఒగ్డెన్ అబద్ధమాడలేదు:
"రాత్రి మూడింటికి గూడ్సు బండి. నూట పది పెట్టెలు.
గాజుగ్లాసులు గోడకి దూరంగా పెట్టుకోండి."

ఏడు నెలలైంది.
సినిమాహాలు ఇంకా తెరవలేదు, తెరుస్తామంటూనే ఉన్నారు.
హలీనాకి రాత్రి డ్యూటీలు, బండి బాధ ఆమెకి లేదు.
బ్రోన్యా నిద్రలో పక్కకి తిరుగుతుంది, అంతే.
మొన్న తాళాల కొట్లో బీగం అరగదీయిస్తూ
ఎవరి పిల్లాడో లాండ్రీలో ఒంటరిగా ఉంటే
మాట మధ్యలో అటు చూశాను.
చూశానని తర్వాతే తెలిసింది.

మూడింటికి గ్లాసులు మోగుతాయి.
కళ్ళు తెరవకుండానే పెట్టెలు లెక్కపెడతాను.
అరవై దాటి ఎప్పుడూ
మెలకువగా లేను.